ముందు నువ్వు తిను

పోయిన నెలలో మా మనవరాలు నా ఎడమ చేతికి, మోచేతి పైన, రూపాయి బిళ్ళంత మిషన్ ఒకటి అంటింపజేసింది. అంటించింది డాక్టరే గానీ ఆలోచన మాత్రం దానిది. ఆ మిషన్ చర్మానికి అతుక్కుని రాత్రీ పగలూ నా ఒంట్లో షుగర్ ఎంతుందో చూసి, ఆ సంగతి దాని ఫోనుకు చేరవేస్తుందట. నా ఒంట్లో జరిగేది నాకు చెప్పకుండా పక్కవాళ్ళకు చెప్పే వస్తువును నేను మొదటి రోజు నుంచీ నమ్మలేదు. మొన్న సాయంత్రం పాలవాడితో పాలల్లో నీళ్ళ గురించి మాట్లాడుతున్నాను. మాట్లాడటమంటే వీధి చివరి ఇంటికి కూడా వినపడేలా మాట్లాడటం. మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి, "మామ్మా, ముందు ఓ అరటిపండు తిను. నీ షుగర్ గీత కిందకి దిగిపోయింది. నువ్వు ఎవరినైనా తిడుతున్నావంటే అది దిగే ఉంటోంది" అంది. పాలవాడు ఇదే సందని బండెక్కి వెళ్ళిపోయాడు. వాడూ అదీ కలిసి నాటకమాడారేమో అని కూడా అనుకున్నాను. కానీ అరటిపండు తిన్నాక నా కోపంలో సగం ఎక్కడికి పోయిందో వెతికినా కనపడలేదు. మిగిలిన సగం న్యాయమైనదే, పాలల్లో నీళ్ళున్న మాట నిజం. అలా అరటితొక్క చేత్తో పట్టుకుని కూర్చున్నప్పుడు మా అత్త గుర్తొచ్చింది.

మా అత్తవారి ఊరు రామతీర్థానికి ఆటోలో వెళ్ళేంత దూరం. వరి, చోళ్ళనే రాగులు, ఉలవలు పండించుకునే ఇల్లు. నా పుట్టిల్లు నౌపడ, ఉప్పు మళ్ళ పక్కన. కాపురానికి వచ్చిన కొత్తలో కూరలో ఉప్పు ఎక్కువైతే పుట్టింటి మీద బెంగ పెట్టుకుందనీ, తక్కువైతే ఉప్పంతా పుట్టింట్లోనే దాచేసి వచ్చిందనీ అత్త అనేది. అనేసి ఆ కూరే రెండోసారి వేయించుకునేది. భారీ మనిషి. పొద్దున్నే చద్దన్నంలో తరవాణి పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తినేది. తరవాణి అంటే గంజీ నీళ్ళూ కుండలో పోసి, గుప్పెడు మెతుకులు వేసి పులియబెట్టిన నీరు. మా వంటింటి మూల ఆ కుండ ఎప్పుడూ ఉండేది. ఎండెక్కి పొలం నుంచి వచ్చాక చోడి అంబలి, మధ్యాహ్నం మళ్ళీ అన్నం. ఆ తిండికి తగ్గ పనీ, ఆ పనికి తగ్గ నోరూ ఉండేవి. కోపం వస్తే ఇల్లెగిరిపోయేలా అరిచేది, కాసేపటికి తనే మరిచిపోయి జడ వేస్తాను రమ్మని నన్ను కేకేసేది. ఇరవై ఏళ్ళకు పైగా నేను వండింది తిన్నది. ఏనాడూ కంచంలోకి పట్టిపట్టి చూసిన మనిషి కాదు.

మా మావ పోయాక రాత్రి అన్నం మానేసింది. "ఎవులు కోసమే తినడం" అనేది, అంతకు మించి ఏమీ అనేది కాదు. ఆ తర్వాత కొన్ని నెలలకు కాలి మీద పుండు మానకపోతే విజయనగరం తీసుకెళ్ళాం, షుగర్ అన్నారు. మాత్రలు రాసిచ్చి, అన్నం సగానికి తగ్గించమన్నారు, తీపి ముట్టుకోవద్దన్నారు, ఒళ్ళు తగ్గాలన్నారు, ఏం జరిగినా మాత్ర మానకూడదన్నారు. చివరి మాటని అత్త వేదంలా పట్టుకుంది. మాత్రలు పాత పౌడరు డబ్బాలో వేసుకుని తలగడ కింద పెట్టుకునేది, తినడానికి అరగంట ముందు తనంతట తనే మింగేది. మొదటి మాటలు పట్టుకున్నది నేను. అన్నం కొలిచి పెట్టాను, చద్దన్నం మాన్పించాను, టీలో పంచదార ఆపాను, బెల్లం డబ్బా అటక మీద పెట్టాను. అత్త ఒళ్ళు తగ్గుతుంటే మా ఆయనా నేనూ సంతోషించాం కూడా. జాకెట్ల చేతులు వదులయ్యాయి, గాజులు మణికట్టు దాటి జారుతున్నాయి, అన్నీ డాక్టరు చెప్పినట్టే జరుగుతున్నాయి అనుకున్నాం.

అప్పుడు మొదలైంది. పొద్దు నడినెత్తికొచ్చే వేళకి అత్తకి చెమటలు పట్టేవి. చేతులు వణికేవి. చూపు మారిపోయేది. మాట్లాడుతున్నది అత్తే గానీ లోపలున్నది వేరే మనిషి అనిపించేది. అలాంటి ఒక పూట ఆనపకాయ కూర కలుపుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏటి కలిపినావే ఇందలో?" అంది. నేను నవ్వి "ఉప్పు" అన్నాను. అత్త నవ్వలేదు. కంచం పక్కకి తోసేసి లేచిపోయింది.

మా వైపు ఆ మాటకు అర్థం ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మనిషి కారణం లేకుండా చిక్కిపోతున్నా, మనసు మారిపోయినా, అన్నంలో ఎవరో మందు పెట్టారంటారు. పెట్టుమందు అని దాని పేరు. అది కడుపులో కూర్చుని మనిషిని లోపల్నుంచి తినేస్తుందట. డాక్టరుకు కనపడదట. కక్కిస్తేనే పోతుందట. ఆ కక్కించేవాళ్ళు ప్రతి నాలుగైదు ఊళ్ళకీ ఒకరుంటారు. పెట్టేవాళ్ళెవరన్న ప్రశ్నకు కూడా సమాధానం సిద్ధంగానే ఉంటుంది. వండేవాళ్ళే కదా పెట్టగలరు.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి వచ్చింది. అత్త పీట వేసుకుని నా ఎదురుగా కూర్చుని "ముందు నువ్వు తిను" అనేది. కోడళ్ళు ఆఖర్న తినే ఇల్లు మాది. మగవాళ్ళూ పిల్లలూ పెద్దవాళ్ళూ తిన్నాక, గిన్నెల అడుగున మిగిలింది తినడానికి నేనూ అలవాటు పడ్డాను. అలాంటిది ఆ ఇంట్లో మొట్టమొదటి ముద్ద, పొగలు కక్కే అన్నం, కూరలో పైనున్న ముక్కలు నాకే వచ్చాయి. ఒక ముద్ద రుచి చూస్తే సరిపోదు. మందు అడుగునుందేమో, చివర్న కలిపిందేమో అని మొత్తం తినేదాకా చూసేది. నేను తిన్నాక కాసేపు నా మొహం చూసి, నాకేమీ కాలేదని తేలాక, తను రెండు ముద్దలు తిని లేచిపోయేది. ఆ రెండు కూడా ఒక్కోరోజు ఉండేవి కావు. కానీ మాత్ర మాత్రం అప్పటికే మింగేసి ఉండేది. దీని ఫలితం ఊరంతా చూసింది. అత్త ఎండిపోతోంది, నేను లావెక్కుతున్నాను. వీధిలో వెళ్తుంటే అరుగుల మీదున్నవాళ్ళు నా నడుమూ చూసేవారు, ఆవిడ గాజులూ చూసేవారు. కళ్ళతోనే లెక్కకట్టేవారు.

దానికి తోడు గజపతినగరంలో ఉన్న మా ఆడపడుచు రుజువు కూడా దొరకబుచ్చుకుంది. నాకంటే చిన్నది, వదినా వదినా అని నా వెనకే తిరిగిన పిల్ల. తల్లిని తీసుకెళ్ళి వారం పాటు ఉంచుకుంది. అక్కడ అత్త చక్కగా ఉంది. తిన్నది, నవ్వింది, పక్కింటివాళ్ళతో కబుర్లాడింది. మా ఇంటికి తిరిగొచ్చిన రెండో రోజుకే మళ్ళీ చెమటలు, మళ్ళీ ఆ చూపు. ఇంతకంటే ఏం కావాలి? అక్కడ పంచదార వేసిన కాఫీలు తాగిందనీ, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి ఎప్పుడు పడితే అప్పుడు నోట్లో వేసుకుందనీ, అత్తకి ఏదీ కొలిచి పెట్టలేదనీ ఆ పిల్ల తనే నాతో ఫోన్లో చెప్పింది. "మా అమ్మ నా ఇంట్లో అన్నీ తింటే ఏటీ అవనేదు వదినా, మరి నీ ఇంట్లో నియమంగా తింటే ఎందుకవుతన్నాది?" అంది. ఆ ప్రశ్నకి సమాధానం ఆ ప్రశ్నలోనే ఉంది. అప్పుడు ఇద్దరికీ కనపడలేదు.

మా ఆయన నెమ్మదైన మనిషి. ఎవరితోనూ గొడవ పడడు, అందువల్ల ఎవరి పక్షానా ఉండడు. ఒకరోజు పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "కొన్నాళ్ళు నౌపడెల్లి ఉండీసి రా. అమ్మ నెమ్మదిస్తాది" అన్నాడు. పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్న ఆడది, అత్తకి మందు పెట్టిందన్న పేరుతో పుట్టింటికి వెళ్తే, కొన్నాళ్ళు అన్న మాటకి అర్థమేమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. వెళ్తే ఒప్పుకున్నట్టే. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళు నేను తిప్పిన గరిటెలన్నీ ఒక్కసారి నావి కాకుండా పోయాయనిపించింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. "నాను పెట్టనేదు. మరెవులు పెట్టినారో సూస్తాను" అన్నాను.

ఇక్కడ నా స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. నేను పుట్టుకతోనే అనుమానం మనిషిని. కొన్న చీర ఇంటికొచ్చి కొలుచుకుంటాను. బస్సు బోర్డు మీద విజయనగరం అని రాసి ఉన్నా కండక్టర్ని అడుగుతాను. అత్త నన్ను అనుమానిస్తుంటే నేను లోకాన్నంతా అనుమానించడం మొదలుపెట్టాను. అత్త నోట్లోకి ఏం వెళ్తోందో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి కనిపెట్టాను. పక్కింటావిడ ఇచ్చిన తమలపాకు అనుమానించాను, గుడి ప్రసాదం అనుమానించాను. చూడగా చూడగా, నా చేతి అన్నం కూడా సరిగ్గా వెళ్ళని ఆ నోట్లోకి, తప్పకుండా వెళ్తున్నది ఒక్కటే కనపడింది, ఆ మాత్ర. అంతే, మందుల కొట్టువాడు నకిలీ మాత్రలు అంటగట్టాడని తేల్చేశాను. ఆ కోపంతోనే, ఎవరికీ చెప్పకుండా, ఖాళీ అట్ట ఒకటి సంచిలో వేసుకుని విజయనగరం బస్సెక్కాను.

డాక్టరు ముందు ఆ అట్ట పెట్టి, "ఇవి దొంగ మాత్రలు, మా అత్తని సంపుతన్నాయి" అన్నాను. ఆయన అట్ట తిప్పి చూసి, మాత్రలు మంచివేనన్నారు. తర్వాత ఆవిడ ఏం తింటోంది అని అడిగారు. ఏమీ తినడం లేదన్నాను. ఏమీ తినకుండా ఇవి మింగుతోందా అని మళ్ళీ అడిగారు. మీరే కదా మానొద్దన్నారు అన్నాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "అమ్మా, ఈ మాత్ర ఒంట్లో షుగర్ దించుతుంది. తిన్నది దిగితే మంచిదే. తినకపోతే అసలు ఉండాల్సిందే దిగిపోతుంది. అప్పుడు చెమట, వణుకు, మెదడుకి అందాల్సింది అందక కోపం, భయం, ఎదుటివాళ్ళు ఎవరో తెలియకపోవడం, అన్నీ వస్తాయి. ఇంకా దిగితే ప్రాణం పోతుంది" అన్నారు. అలా అయినప్పుడు స్పృహ ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్ళో, తియ్యటి పానీయమో తాగించమన్నారు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తెమ్మన్నారు. అనుమానంతో తినదు, తినకపోతే షుగర్ దిగుతుంది, దిగితే అనుమానం పెరుగుతుంది. గానుగెద్దులా ఆవిడ అందులోనే తిరుగుతోందన్నమాట.

బయటికొచ్చి మా ఆయనకి ఫోను చేశాను. అత్త ఇంట్లో లేదు. ఆడపడుచు వచ్చి, గజపతినగరం అవతల ఊళ్ళో మందు కక్కించే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళిందన్నాడు. ముందు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదన్నారట. మరి మాత్ర మింగిందా అన్నాను. "మాత్ర మానదు గదా" అన్నాడు. ఆ బస్సు ప్రయాణం నాకిప్పటికీ సరిగా గుర్తులేదు. కండక్టరు చిల్లర ఇవ్వకపోయినా నేను అడగలేదన్నది మాత్రం గుర్తుంది. నా విషయంలో అది మామూలు సంగతి కాదు.

రేకుల పంచ, దాని నిండా జనం. మధ్యలో పసుపు చీర కట్టుకున్న ఆవిడ, ఎదురుగా ఒక బేసిను. అత్త స్తంభానికి జారబడి ఉంది. చీరంతా చెమటతో తడిసిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, అందులో ఎవరూ లేరు. ఆకు పసరు తాగించి అప్పటికే కక్కించారు. బేసినులో నల్లటి ఉండ ఒకటి చూపిస్తూ, "ఇదిగో మందు. లోపల దీని వేళ్ళింకా ఉన్నాయి, దిగుతన్నాది" అంటోంది పసుపు చీర ఆవిడ. ఆ ఉండ అత్త కడుపులోంచి వచ్చిందో, ఆవిడ గుప్పిట్లోంచి వచ్చిందో అన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. నేను జనాన్ని తోసుకుని వెళ్ళి, షుగర్ పడిపోయింది, పంచదార నీళ్ళు పట్టాలి అన్నాను. ఆడపడుచు నాకు అడ్డంగా నిలబడింది.

"నువ్వేటీ పెట్టొద్దు వదినా. ఇప్పటిదాకా పెట్టింది సాలు."

ఎన్నో ఏళ్ళ క్రితం ఆ పిల్లకి జ్వరమొస్తే నా చేత్తో జావ తాగించాను. ఆ మాట అక్కడే అనేయొచ్చు. అనడానికి తీరిక లేదు. "నాను ముట్టుకోను. నువ్వే పెట్టు. రోడ్డు మీద కొట్టుంది. నువ్వే ఎల్లి, తియ్యటి డ్రింకు నువ్వే కొని, నువ్వే మూత తీసి పట్టు. నాను ఈ గుమ్మంకాడే ఉంటాను. బేగి ఎల్లమ్మీ" అన్నాను. అది నా మొహంలోకి చూసింది. ఏం కనపడిందో తెలియదు గానీ పరిగెత్తింది. నారింజ రంగు కూల్‌డ్రింకు సీసా తెచ్చింది. మూత సీలు సరిగా ఉందో లేదో తిప్పి తిప్పి చూస్తుంటే, అంత గాభరాలోనూ, ఇది నా ఆడపడుచే అనిపించింది. మూత టిక్కుమంది. తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కొంచెం కొంచెంగా పట్టింది. అత్త గుటక వేసింది. నేను గుమ్మం దగ్గర, చేతులు రెండూ అందరికీ కనపడేలా పెట్టుకుని, దొంగలా నిలబడ్డాను.

సీసా సగం అయ్యేసరికి అత్త కళ్ళు తిప్పింది. కూతుర్ని చూసింది, జనాన్ని చూసింది, చివరికి గుమ్మం దగ్గరున్న నన్ను చూసింది. "ఏటలగ నిల్సున్నావు? నాకు ఆకలేస్తన్నాదే" అంది. మా మావ పోయిన తర్వాత ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. "సూసినారా, మందు పడిపోనాది, ఆకలి పుట్టినాది" అంది పసుపు చీర ఆవిడ. పంచలో ఉన్నవాళ్ళంతా ఆవిడకి దండం పెట్టారు. తల్లిని బతికించుకున్న కూతురని ఆడపడుచుని మెచ్చుకున్నారు. నా పక్కనున్న ముసలమ్మ మాత్రం కొంచెం దూరం జరిగి కూర్చుంది.

ఆ సాయంత్రమే మా ఆయన్ని పిలిపించి అత్తని విజయనగరం తీసుకెళ్ళాం. డాక్టరు మాత్ర మార్చి తగ్గించారు, వేళకి తినకపోతే మాత్ర వద్దన్నారు. చోడి అంబలి తిరిగొచ్చింది. ఉడికించిన ఉలవలు వచ్చాయి, కొలిచినదైనా సరే మూడు పూటలా తిండి వచ్చింది. నెల తిరిగేసరికి గాజులు ఉండాల్సిన చోటికి చేరాయి, నా ఉప్పు మీద ఎగతాళీ మొదలైంది. మా ఆయన క్షమించమని అడగలేదు, నౌపడ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఆడపడుచు ఇవాళ్టికీ డాక్టరు మందూ పనిచేసింది, ఆవిడ పసరూ పనిచేసింది అంటుంది. ఊళ్ళో కొందరైతే నేను పట్టుబడ్డాక భయపడి మానేశానంటారు.

నాకు మాత్రం ఒక ముల్లు లోపలే ఉండిపోయింది. షుగర్ దిగితే అనుమానం వస్తుందని డాక్టరు చెప్పారు, ఒప్పుకున్నాను. భర్త పోయిన దిగులు కూడా అందులో ఉందని, అన్నం మానడం అక్కడే మొదలైందని చెప్పారు, అదీ ఒప్పుకున్నాను. కానీ అనుమానం ఎవరి మీద పడాలో షుగర్ చెప్పదు కదా. ఇంట్లో కొడుకున్నాడు, వచ్చిపోయే కూతురుంది. నేనే ఎందుకు? చాలా రోజులు దాచుకుని, ఒక మధ్యాహ్నం అత్త పెరట్లో చోళ్ళు చెరుగుతుంటే అడిగేశాను.

అత్త చేట ఆపింది. దులిపిన పొట్టు చేత్తో ఓ పక్కకి నెట్టింది.

"కొడుకునంటే కొడుకు మొకం తిప్పీసుకుంటాడు. కూతుర్నంటే మరి రాదు. నిన్నంటే నువ్వు ఎక్కడికీ పోవని నాకు తెల్సును కావాల" అంది.

ఆ మాటకి నేను చేట లాక్కుని లోపలికి వెళ్ళిపోయాను, కొన్ని రోజులు ముభావంగానే తిరిగాను. అత్త పోయి చాలా ఏళ్ళయింది, ఆవిడ నన్ను ఎంత నమ్మిందో ఆ ఒక్క మాటలో చెప్పిందని తెలుసుకోవడానికి నాకు ఆ ఏళ్ళన్నీ పట్టాయి.